సొంత నేలను చదవడం నేర్పే పాఠాలు కావాలి: పాఠశాల విద్యాశాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకాల రూపకల్పనలో పాలుపంచుకుంటున్న విద్యావేత్తలకు నమస్కారాలు.

కడప జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయుడిగా ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం ఒక్కటే. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా మన రాష్ట్రపు కొండలు, నదులు, నేలలు, తీరం గురించి పిల్లలు తమ ఊరి నుంచే మొదలుపెట్టి వరుసగా తెలుసుకునేలా ఒక ప్రత్యేక పాఠ్యాంశాన్ని రూపొందించండి. దానికి పరీక్షలో తగిన మార్కులు కేటాయించండి.

పై తరగతుల్లో జాతీయ స్థాయి పాఠ్యపుస్తకాలను స్వీకరించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. పోటీ పరీక్షల దృష్ట్యా దానివల్ల పిల్లలకు మేలే జరుగుతుంది. హిమాలయాలు, గంగా మైదానం, థార్ ఎడారి తెలియకుండా ఈ దేశం అర్థం కాదు. అయితే దేశమంతటికీ కలిపి ఒకే పుస్తకం రాసేవారు ఒక్కో రాష్ట్రానికి ఇవ్వగలిగిన చోటు చాలా తక్కువ. తూర్పు కనుమలు అక్కడక్కడ తెగిపోయి ఉంటాయని, పడమటి కనుమల కంటే ఎత్తు తక్కువని, గోదావరి, కృష్ణ డెల్టాలను ఏర్పరుస్తాయని నాలుగు వాక్యాలు చెప్పి పుస్తకం ముందుకు వెళ్లిపోతుంది. అందువల్ల మా తొమ్మిదో తరగతి పిల్లలు ఉత్తరాది మైదానంలోని భాబర్, తెరాయి, భంగర్, ఖాదర్ ప్రాంతాల మధ్య తేడాలను గుక్క తిప్పుకోకుండా చెబుతారు గానీ, బడి కిటికీలోంచి కనిపించే కొండల వరుస ఏది, ఆ కొండల మీద కురిసిన వాన ఏ వంకలో పడి ఏ ఏటిలో కలుస్తుంది అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్లకు తెలివి లేక కాదు. ఆ ప్రశ్న వాళ్లను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా ప్రాంతం సంగతే చూడండి. ఇక్కడ చాలా ఇళ్లలో నేలకు పరిచింది నాపరాయి, అంటే పలకలుగా విడిపోయే ఒక రకం సున్నపురాయి. పశువుల కొట్టాలకూ, అరుగులకూ, కొన్ని ఊళ్లలో మిద్దెలకూ అదే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఈ సున్నపురాయిని నమ్ముకునే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల పొడవున సాగే బెలుం గుహలు కూడా, భూమిలోకి ఇంకిన వాననీరు ఈ జాతి రాయిని యుగాల తరబడి కరిగించుకుంటూ పోగా ఏర్పడినవే. ఇంటి నేల, ఊరి పక్క ఫ్యాక్టరీ, విహారయాత్రకు వెళ్లిన గుహ, ఈ మూడూ ఒకే రాతి కథ అని ఏ పాఠమూ కలిపి చెప్పదు. ఒకసారి తరగతిలో విరిగిన నాపరాతి ముక్కను నిలువుగా పట్టుకుని దాని అంచు చూపించాను. పుస్తకంలో కాగితాల్లా సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తుంటే పిల్లలు గోటితో గీరి లెక్కపెట్టసాగారు. మనుషులు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్లకు ముందు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేదని, దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే ఇలా గట్టిపడిందని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "అంటే సార్, మేము పొద్దున్నే ఊడ్చేది సముద్రం అడుగునా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద ఆ పీరియడ్ మొత్తం గడిచిపోయింది. అవక్షేప శిలల నిర్వచనాన్ని ఆ తరగతిలో నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

భూగర్భ శాస్త్రం చదివేవారికి దేశ విదేశాల్లో కడప పేరు సుపరిచితం. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లోనే సమగ్రమైన నివేదిక వెలువరించారు. వేంపల్లె పరిసరాల రాళ్లలో వంద కోట్ల ఏళ్లకు పూర్వం సూక్ష్మజీవులు కట్టుకున్న పొరల ముద్రలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం ప్రపంచంలోనే పేరెన్నికగన్నది. గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ వెళ్లిన లోయను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. మా పిల్లలూ వెళ్తారు, ఫోటోలు దిగుతారు, తిరిగి వస్తారు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన ఏరు అంత గట్టి రాతిని ఎలా కోయగలిగింది, అందుకు ఎంత కాలం పట్టి ఉంటుంది, ఇన్ని కొండలు దాటి వచ్చిన నదిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే ఎందుకు కనిపిస్తుంది అన్న ఆలోచన రేకెత్తించే పేజీ ఒక్కటైనా వాళ్ల సంచిలోని పుస్తకాల్లో లేదు.

ఈ నేలను చదివి, దాన్ని బట్టి పనులు చేపట్టిన సంప్రదాయం మనకు కొత్తది కాదు. బద్వేలు ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించినది అది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ అందులో వరుసగా చెప్పారు. గట్టి బంకమన్నుగల నేల ఉండాలి. దూరం నుంచి తియ్యని నీటిని తెచ్చే ఏరు ఉండాలి. ఆ చోటుకు ఆనుకుని కొండలు ఉండాలి. ఆ కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట పడాలి. చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. పొడవైన రాళ్లు దొరికే గని దగ్గరలో ఉండాలి. జలశాస్త్రం ఎరిగిన పండితుడూ, పనితనం తెలిసిన కూలీలూ ఉండాలి. ఇక దోషాల పట్టిక మరింత ఆలోచింపజేసేది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం, చెరువు నడుమ మెరక ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు పెట్టి రెండేళ్లలో ఆ పని ముగించారని శాసనమే చెబుతోంది.

ఈ శాసనాన్ని ఒక పాఠంగా పెడితే అందులో భూస్వరూపాలు ఉన్నాయి, నేలల రకాలు ఉన్నాయి, నీటి పారుదల ఉంది, చరిత్ర ఉంది, రెండు రాష్ట్రాల మధ్య నీటి తగవులకు మూలమూ ఉంది. పిల్లలు ఆ 12 అంగాలనూ, 6 దోషాలనూ కాగితం మీద రాసుకుని తమ ఊరి చెరువు దగ్గరికి నడిచి వెళ్లి ఒక్కొక్కటీ పోల్చి చూసుకోవచ్చు. కట్ట ఏ రెండు మిట్టల నడుమ పడింది, తూము ఎటు తెరుచుకుంటుంది, అలుగు పారితే నీళ్లు ఎక్కడికి పోతాయి, ఆ దారిలో ఇప్పుడు ఏమి కట్టారు? ఈ చివరి ప్రశ్న దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోతారని నేను హామీ ఇవ్వగలను. కంభం చెరువు దగ్గర ప్రకాశం ప్రాంతపు పిల్లలు, గుండ్లకమ్మను కొండల నడుమ ఎలా ఆపారో చూస్తూ, ఇదే పని చేయవచ్చు.

ఈ చదువు ప్రాణాలకు సంబంధించినది కూడా. 2021 నవంబరు 19న మా జిల్లాలో చెయ్యేటికి వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ గ్రామాలు నీట మునిగి, మనుషులు కొట్టుకుపోయారు. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది కూడా నవంబరు 19నే. ఆనాడు వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడలోని కాలనీలను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. వరదను ఆపడం బడిపిల్లల పని కాదని నాకు తెలుసు. కట్టలు నిలబెట్టవలసిన బాధ్యత ఎవరిదో ఆ బాధ్యత వారిదే. దాన్ని పాఠ్యపుస్తకం మీదికి నెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. కానీ బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు సరస్సుకు వెళ్లే ఏరు అని, దాని వరదను కృష్ణలోకి మళ్లించడానికి కాలువ తవ్వారని, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీళ్లు అందులోకి దిగలేక ఎగదన్నుతాయని, ఆ కాలువ గట్టు తెగితే ఏరు తన పాత దారినే వెతుక్కుంటుందని అక్కడ ఇల్లు కొనుక్కునే కుటుంబానికి తెలిసి ఉండాలి కదా! ఆ సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చిందని టీవీలో విన్న లక్షలమందిలో, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు అని బడిలో నేర్చుకున్నవారు ఎందరు ఉంటారు?

సమోన్నత రేఖ విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే రేఖ అని నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకునే విద్యార్థికి, కొల్లేటి మీద జరిగే వాదాలన్నిటిలోనూ వినబడే "ఐదో కాంటూరు" అదే రేఖ అని ఎవరూ చెప్పరు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఆ ఐదు అడుగుల రేఖే హద్దు అయింది. 2002లో ఆ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఏ ఊరిలో ఏ గట్టు పోవాలో తేల్చింది అదే రేఖ. అక్కడి పిల్లల ఇంటి అన్నం ఆ రేఖకు అటా ఇటా అన్నదాని మీద ఆధారపడి ఉంటే, బడిలో అది పటం మీది వంకర గీతగా మాత్రమే మిగిలిపోయింది.

మిగతా ప్రాంతాలకూ ఇలాంటి ఆరంభ బిందువులు కొదవలేదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ, తిరుమల కొండలూ 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన పాత గ్రానైటు రాయి మీద ఎన్నో కోట్ల ఏళ్ల తరువాతి రాయి కూర్చున్న చోటును దాటుకుంటూ రోజూ వేలమంది కొండెక్కుతున్నారు. కోనసీమలో గౌతమి, వశిష్ఠ పాయల మధ్య లంకలు ఏర్పడటం, కోతకు గురికావడం కళ్లెదుటే జరుగుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు ఉన్నాయి. పులికాట్‌కూ సముద్రానికీ నడుమ ఇసుక మేటలతో ఏర్పడిన దీవే శ్రీహరికోట. అక్కడి నుంచి ఎగిరిన ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో ఆ దీవినే పిల్లలకు చూపించవచ్చు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే ఎందుకు పడుతుందో, నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఎలా అడ్డుకుంటాయో, బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాలు అక్కడికి చేరేసరికి ఎలా నీరసించిపోతాయో వేరుశనగ రైతు బిడ్డకు తెలియాలి.

ఈ వైవిధ్యం వల్లే, పుస్తకాన్ని జిల్లాలవారీగా విభజించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. జిల్లాల హద్దులు 2022లో మారాయి. తరువాతా మారుతూ వస్తున్నాయి. ఆ పట్టికల వెంట పడితే పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడుతుంది. నదీ పరీవాహకాలు, కొండ వరుసలు, డెల్టాలు, తీరం అన్న విభజన అయితే నిలకడగా ఉంటుంది. అందరికీ ఉమ్మడిగా ఒక భాగం, పెన్న, కృష్ణ, గోదావరి, వంశధార నాగావళి, తూర్పు కనుమల మన్యం వంటి ప్రాంతాలకు విడివిడిగా ఒక్కో చిన్న భాగం ఉంటే చాలు. పాఠంలో పిల్లల ఇంట్లో వినబడే మాటలే ఉండాలి: లంక, పాయ, పర్ర, మెరక, చవుడు, గరుసు, వంక, కనుమ.

బోధన గురించి నా అనుభవంలోని ఒక పద్ధతిని వివరంగా చెబుతాను. మా పిల్లలను తమ పొలంలో బోరు ఎన్ని అడుగులు వేశారో, ఎన్నో అడుగున నీరు పడిందో, ఏ రంగు మట్టి, ఏ రాయి బయటికి వచ్చిందో ఇంట్లో అడిగి రాసుకు రమ్మన్నాను. మా సీమలో ఈ లెక్క తెలియని ఇల్లు ఉండదు. బోరు ఖర్చే చాలా కుటుంబాల అప్పుకు మూలం. బడి ఆవరణలో సుద్దపొడితో ఊరి పటం గీసి, చెరువు, వంక, గుట్ట గుర్తించి, ఎవరి బోరు ఎక్కడుందో అక్కడ వాళ్ల చీటీ రాయి కింద పెట్టించాను. చెరువు కింది పొలాల్లో బోర్ల లోతు తక్కువగా, గుట్ట పాదం దగ్గర మరీ ఎక్కువగా ఉండటాన్ని పిల్లలే గమనించారు. తక్కువ లోతు చీటీలు, ఎక్కువ లోతు చీటీలు పక్కపక్కనే ఉన్న పొలాల గురించి వాళ్లలో వాదన మొదలైంది. కింద రాయిలో పగుళ్లు ఉన్నచోట నీరు ఉంటుందని, పక్కనే పగులు లేకపోతే ఎంత తవ్వినా దుమ్మే వస్తుందని అప్పుడు నేను చెబితే వాళ్లకు సులువుగా అర్థమైంది. ఖర్చు అయింది సుద్దపొడికి మాత్రమే. చెరువు నింపితే బోర్లు ఎందుకు నిండుతాయో ఆ వారమంతా ఇంటి దగ్గర తల్లిదండ్రులకు చెప్పినవారు ఉన్నారు.

ఇలాంటి బోధనకు కావలసిన వనరులు ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. గ్రామ సచివాలయంలో సర్వేయర్ ఉన్నారు. ఊరి నక్ష, సర్వే నంబర్లు ఆయన దగ్గర ఉంటాయి. వ్యవసాయ సహాయకులకు ఆ ఊరి నేలలు తెలుసు. భారత సర్వే సంస్థ 1767 నుంచి ఈ దేశాన్ని కొలుస్తోంది. ఆ సంస్థ 1:50,000 స్కేలు పటాలు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలు 2009 నుంచి అందుబాటులో ఉన్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలకూ తన మండలం ఉన్న పటాన్ని పెద్ద సైజులో అచ్చు వేయించి గోడకు తగిలించమని ఒక ఉత్తర్వు ఇస్తే, ప్రపంచ పటం పక్కన పిల్లలకు తమ వాగు పేరు కూడా కనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, నడిచి వెళ్లగలిగిన దూరంలో, సగం రోజు క్షేత్ర పర్యటనకు అనుమతి ఇవ్వండి. బస్సులూ, దూరప్రాంతాలూ అక్కర్లేదు. లోతైన నీరున్న చోట్లకు, గట్టు లేని బావుల దగ్గరకు పిల్లలను తీసుకెళ్లకూడదన్న నియమాన్ని ఆ ఉత్తర్వులోనే రాయండి. వెంట ఎందరు పెద్దలు ఉండాలో కూడా తేల్చండి. స్పష్టమైన ఉత్తర్వు లేకపోతే ఏ ప్రధానోపాధ్యాయుడూ ఆ బాధ్యత నెత్తిన వేసుకోరు, వారిని తప్పుపట్టలేము.

సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదు, కొత్త పాఠం ఎక్కడ ఇరికిస్తారని నా తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నేను చూసిన మార్గం, జాతీయ పుస్తకంలోని పాఠాలను కొత్తగా పెంచకుండా, వాటికి ఉదాహరణలుగా రాష్ట్ర భాగాన్ని జోడించడం. నదుల పాఠం వచ్చినప్పుడు ఆ వారమే పెన్న, వంశధార. నేలల పాఠం వచ్చినప్పుడు మన నల్లరేగడి, ఎర్రనేల. తుఫానుల పాఠం వచ్చినప్పుడు దివిసీమ. బదిలీ మీద వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు ఈ ఊరి నేల ఎలా తెలుస్తుందన్నది మరింత కష్టమైన ప్రశ్న. అందుకే ప్రతి మండలానికీ పది పన్నెండు పేజీల ఉపాధ్యాయ కరదీపిక ఉండాలంటున్నాను. స్కూల్ కాంప్లెక్సు సమావేశాల్లో ఆ మండలం ఉపాధ్యాయులే కూర్చుని రాస్తే, విశ్వవిద్యాలయాల భూగోళ, భూగర్భ శాస్త్ర విభాగాలవారు తప్పులు దిద్దితే, ఒక విద్యా సంవత్సరంలో అయ్యే పని ఇది.

పరీక్ష సంగతి మరిచిపోతే మిగతాదంతా వృథా. మార్కులు లేని పాఠాన్ని మా బడుల్లో ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ వినరు. ఇది నేను ఏళ్లుగా చూస్తున్న వాస్తవం. ప్రశ్న కూడా బట్టీకి లొంగనిదిగా ఉండాలి. సమోన్నత రేఖలున్న చిన్న పటం ముక్క ఇచ్చి, చెరువు కట్ట ఎక్కడ వేస్తారు, కొత్త బడి ఎక్కడ కట్టకూడదు, ఎందుకు అని అడగండి. అంతర్గత మూల్యాంకనంలో తమ ఊరి నీటి దారిని గీసి చూపే పనికి మార్కులు పెట్టండి. దీనికి గైడులో జవాబు దొరకదు కాబట్టి పిల్లలు బయటికి వెళ్లక తప్పదు.

ఒకేసారి రాష్ట్రమంతటా సాధ్యం కాదనుకుంటే, రాయలసీమలో ఒక మండలం, డెల్టాలో ఒకటి, మన్యంలో ఒకటి, తీరం వెంబడి ఒకటి ఎంచుకుని ఏడో తరగతితో మొదలుపెట్టండి. పోరుమామిళ్ల శాసనం మీద, నాపరాయి మీద, బోర్ల పటం మీద నేను తయారుచేసుకున్న పాఠ ప్రణాళికలను ఏ షరతూ లేకుండా శాఖకు అందజేస్తాను. వేసవి సెలవుల్లో పుస్తక రచనకు పిలిస్తే సొంత ఖర్చులతో వచ్చి పనిచేస్తాను. నాలాగే సిద్ధంగా ఉన్న ఉపాధ్యాయులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. జూన్‌లో బడులు తెరిచే నాటికి కనీసం మండల పటాలైనా గోడలకు ఎక్కేలా చూడవలసిందిగా కోరుతూ,

భవదీయుడు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
కడప జిల్లా